"ఇంకెన్నాళ్లు ఉంటారు సార్?": పెద్ద స్ట్రోక్, డిమెన్షియా కలిసిన ఇంట్లో తెలియాల్సిన లెక్క

(మంచాన పడిన పెద్దలను ఇంట్లో చూసుకుంటున్న కుటుంబాల కోసం తిరుపతిలో ఒక నరాల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి కూడా వచ్చారు. ఇంట్లో మంచాన ఉన్న మనిషిని ఇంకొకరికి అప్పజెప్పి రావడం ఎంత కష్టమో తెలుసు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఇక్కడి రుయా ఆసుపత్రిలో అడిగినా, స్విమ్స్‌లో అడిగినా, వేలూరు సీఎంసీ దాకా పోయి అడిగినా మీరు అడిగేది ఒకటే. "నాయన ఇంకెన్నాళ్లు ఉంటాడు సార్?" దానికి "అంతా ఆ దేవుడి దయ" అని పంపించేస్తే తిరుపతిలో ఎవరూ ఎదురు చెప్పరు. కానీ ఆ ఒక్క ప్రశ్న వెనక చాలా ప్రశ్నలుంటాయి. ఉద్యోగానికి ఎంతకాలం సెలవు పెట్టాలి? బెంగళూరులో ఉన్న చెల్లెల్ని ఇప్పుడే రమ్మనాలా? పొలం అమ్మి ఇంకో ఆసుపత్రికి పోవాలా? తిండి కోసం ముక్కు గొట్టం వేయించాలా, వద్దా? వీటికి జవాబు దొరకాలంటే వైద్యుడు ఎంతో కొంత లెక్క చెప్పి తీరాలి. తేదీ ఎవరూ చెప్పలేరు. వారాలా, నెలలా, ఏళ్లా అన్నది మాత్రం చాలావరకు చెప్పొచ్చు.

మీలో చాలామంది స్కాన్ ఫిల్ములు కవర్లో పెట్టుకుని ఒక్కో డాక్టరు దగ్గరికీ తిరుగుతుంటారు. మొదటి వారంలో ఆ ఫిల్ము చాలా ముఖ్యం. మూడు నెలలు దాటాక ఆయుష్షు గురించి అది చెప్పేది తక్కువ. అప్పుడు చూడాల్సినవి మూడు. మనిషి ముద్ద ఎలా మింగుతున్నాడు? మంచంలో తనంతట తాను పక్కకు తిరగగలుగుతున్నాడా? గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు జ్వరం వచ్చింది? ఈ మూడూ నాకంటే మీకే బాగా తెలుసు. ఎందుకంటే రోజూ చూసేది మీరు.

ముందు మొదటి నెల సంగతి. పక్షవాతం, అంటే స్ట్రోక్, రెండు రకాలు. మెదడుకు పోయే రక్తనాళం పూడుకుపోవడం ఒకటి, చిట్లిపోవడం ఒకటి. చిట్లి మెదడు లోపల రక్తం పేరుకున్నవాళ్లలో 100 మందికి దాదాపు 40 మంది నెల తిరగకముందే చనిపోతారు. పూడుకున్న రకంలో ఆ సంఖ్య 10 నుంచి 15 దాకా ఉంటుంది. ఇది చిన్నవీ పెద్దవీ కలిపి చెప్పే లెక్క. మెదడులో ఒక పక్క ఎక్కువ భాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం మూసుకుపోయి, వాపు వచ్చి, మనిషి మత్తులోకి జారిపోతుంటే పరిస్థితి వేరు. అక్కడ పుర్రె ఎముక కొంత తీసి వాపుకు చోటిచ్చే ఆపరేషన్ ఒకటుంది. 60 ఏళ్లలోపు వాళ్లకు 48 గంటల్లోపు చేస్తే ఏడాది తర్వాత 100 మందిలో 78 మంది బతికున్నారు. చేయనివాళ్లలో 29 మందే మిగిలారు. అయితే ఆ బతికినవాళ్లలో కొందరు మంచానికే పరిమితమవుతారు. సంతకం పెట్టేముందు "బతుకుతాడా" అని అడగండి, "బతికితే ఎలా బతుకుతాడు" అని కూడా తప్పకుండా అడగండి.

ఇంకో మాట. మెదడులో రక్తస్రావమైన మొదటి ఒకటి రెండు రోజుల్లో "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్న నిర్ణయానికి తొందరపడొద్దని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ రెండు రోజుల్లో వేసే అంచనాలు చాలా తప్పుతాయి. మనిషి ముందే ఇలాంటి వైద్యం వద్దని చెప్పి ఉంటే అది వేరే సంగతి.

నెల దాటి ఇంటికి వచ్చారు. ఇక్కడి నుంచి కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లో కనిపిస్తుంది. ఆరు నెలల దాకా కొంత, ఆ తర్వాత కూడా కొద్దికొద్దిగా మెరుగవుతుంది. మనిషి ఎంతవరకు ఇతరుల మీద ఆధారపడ్డాడో కొలవడానికి మేము రాంకిన్ స్కేలు అని ఒకటి వాడతాం. సున్నా అంటే ఏ లోపమూ లేదు. 5 అంటే పూర్తిగా మంచమే, మల మూత్రాలు తెలియవు, ఒక మనిషి ఎప్పుడూ పక్కన ఉండాలి. 6 అంటే మరణం. 2008లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చిన ఆరు నెలలకు తమ పనులు తాము చేసుకుంటున్నవాళ్లలో సగంమంది సుమారు పదేళ్లకు అటూ ఇటూగా బతికారు. ఇతరుల మీద ఆధారపడినవాళ్లలో సగంమంది ఆరేళ్లు దాటారు. ఆరేళ్లు అనగానే చాలామంది తేలికగా ఊపిరి పీల్చుకుంటారు, కానీ కాస్త ఆగండి. స్నానానికి, చొక్కా వేసుకోవడానికి సాయం కావాల్సినవాళ్లు కూడా ఆ "ఆధారపడినవాళ్లలో" ఉన్నారు. రాంకిన్ 5లో ఉన్న 80 ఏళ్ల పెద్దాయనకు ఆ ఆరేళ్ల లెక్క వర్తించదు. ఆయనది చాలా తక్కువ.

ఇప్పుడు డిమెన్షియా, అంటే మతి, జ్ఞాపకం క్రమంగా పోయే జబ్బు. పెద్ద స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఏడాది లోపే డిమెన్షియా వస్తుందని ఆక్స్‌ఫర్డ్ పరిశీలనలో తేలింది. మరీ చిన్న స్ట్రోక్ అయితే 100కి 8 మంది. మొదటిసారి స్ట్రోక్ వచ్చిన 100 మందిలో 10 మందికి అసలు స్ట్రోక్ కన్నా ముందే డిమెన్షియా ఉంటుంది. ఇంట్లో "వయసు మీద పడింది, మరిచిపోతున్నాడు" అనుకుని ఉంటారు. బ్యాంకు పనులు కొడుక్కి అప్పజెప్పడం, అడిగిందే అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం స్ట్రోక్‌కు ముందు నుంచే ఉన్నాయా అని గుర్తు తెచ్చుకుని డాక్టరుకు చెప్పండి. ముందు నుంచీ ఉంటే కోలుకునే అవకాశం తగ్గుతుంది, అంచనా మారుతుంది.

కానీ డిమెన్షియా అని ముద్ర వేసేముందు కొన్ని చూడాలి. ఎడమ మెదడులో స్ట్రోక్ వచ్చి మాట పోయిన మనిషికి మతి పోలేదు, మాటే పోయింది. లోపల అన్నీ తెలుస్తుంటాయి. ఆయన ఎదుటే ఆస్తి పంపకాల గురించి మాట్లాడుకునే ఇళ్లున్నాయి, దయచేసి అలా చేయకండి. దిగులు వల్ల కూడా మనిషి మొద్దుబారినట్టు ఉంటాడు. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి. నిన్నటిదాకా బాగున్నవాడు ఇవాళ పిచ్చిగా మాట్లాడుతున్నా, రోజంతా మగతగా పడుకున్నా అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, బయటికి కనిపించని ఫిట్స్, వీటిలో ఏదైనా కావచ్చు. సరిచేస్తే మనిషి మళ్లీ మామూలవుతాడు.

డిమెన్షియా బాగా ముదిరిన దశ అంటే ఏమిటి? ఇంట్లోవాళ్లను గుర్తుపట్టరు. రోజంతా కలిపి అయిదారు మాటలకు మించి రావు. నడవలేరు, ఆ తర్వాత ఆసరా లేకుండా కూర్చోనూలేరు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో 22 నర్సింగ్ హోముల్లో ఇలాంటి 323 మందిని ఏడాదిన్నర పాటు గమనించి 2009లో ప్రచురించారు. ఆ ఏడాదిన్నరలో సగానికి పైగా, 100కి 55 మంది, చనిపోయారు. 100కి 86 మందికి తినడంలో ఇబ్బంది వచ్చింది. 100కి 41 మందికి నిమోనియా, అంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్, వచ్చింది. నిమోనియా వచ్చినవాళ్లలో దాదాపు సగంమంది ఆరు నెలలు దాటలేదు. వాళ్లది వేరే దేశం, వేరే వసతులు. అయినా నిమోనియా, జ్వరాలు, తిండి మింగలేకపోవడం అన్న దారి మాత్రం తిరుపతిలోనూ అదే.

మరి స్ట్రోకూ డిమెన్షియా రెండూ ఉన్న మనిషికి? నేను వేసే అంచనా ఇది. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తూ, పొలమారకుండా కడుపునిండా తింటుంటే ఏళ్ల లెక్కలో మాట్లాడుకోవచ్చు. మంచమే అయినా బాగా మింగుతూ, బరువు నిలబడి, ఒంటి మీద పుండ్లు లేకుంటే ఒక ఏడాది, రెండేళ్లు, బాగా చూసుకుంటే అంతకు మించి కూడా. తిన్న ప్రతిసారీ పొలమారుతూ, బరువు తగ్గిపోతూ, రెండు మూడు నెలలకోసారి జ్వరంతో ఆసుపత్రిలో చేరుతుంటే నెలల లెక్క. రోజులో ఎక్కువసేపు మత్తుగా ఉండి, నోట్లో పోసింది బయటికి వచ్చేస్తుంటే వారాలు, కొన్నిసార్లు రోజులు. వయసు, షుగరు, గుండె, కిడ్నీల్ని బట్టి ఇది అటూ ఇటూ జరుగుతుంది. నెలకోసారి బరువు చూడండి. నిలబడలేకపోతే మోచేతికి పైన, భుజానికీ మోచేతికీ మధ్యలో, టేపుతో చుట్టుకొలత తీసి కాగితం మీద రాసిపెట్టండి. మూడు నెలల కాగితం చూపిస్తే నేను చెప్పే మాటకు ఒక ఆధారం దొరుకుతుంది.

ఇక మింగడం. ఈ రోజు ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

గొంతులో గాలి దారి ముందుంటుంది, తిండి దారి వెనక. మింగే క్షణంలో గాలి దారి మూసుకుంటుంది. స్ట్రోక్ తర్వాత ఆ మూత ఆలస్యంగా పడుతుంది. అందుకే అన్నిటికన్నా ప్రమాదం నీళ్లు. మూత పడేలోపే జారిపోతాయి. మనవాళ్లు "అన్నం తినలేకపోతున్నాడు, కనీసం మజ్జిగన్నా తాగించు" అంటారు. ఆ మజ్జిగ, కాఫీ, చారు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంటాయి. అప్పుడు అందరికీ దగ్గు వస్తుందనుకోకండి. స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామందికి పొలమారినా దగ్గు రాదు. తాగించిన తర్వాత "ఆ" అనిపించండి. గొంతు తడితడిగా, గురగురమంటూ వస్తే నీళ్లు పక్కదారి పట్టాయనే అర్థం. సాయంత్రాలు సన్నగా జ్వరం, తిన్న అరగంటకు ఆయాసం, ఇవి కూడా గుర్తులే.

చారన్నం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెత్తగా ఉంటుంది కదా అని అదే పెడతారు. నోట్లో పెట్టగానే చారు ముందు జారిపోతుంది, మెతుకులు నాలుక మీదే ఉంటాయి. నీరూ గట్టిదీ విడిపోయే తిండి ఏదైనా ఇంతే, సాంబారులో నానేసిన ఇడ్లీ కూడా. పప్పన్నం నెయ్యి వేసి మిక్సీలో ఒకే ముద్దగా, చెంచా వంచితే మెల్లగా జారేలా పట్టండి. గడ్డపెరుగు అన్నం అలాగే. మన ప్రాంతంలో సంగటి మీద మమకారం ఎక్కువ. సంగటిని నమలకుండా ఉండ చేసి మింగడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు ప్రాణాల మీదికి తెస్తుంది, ఉండ గొంతులో అడ్డుపడితే ఊపిరి ఆడదు. రాగి కావాలంటే చిక్కటి జావ చేయండి, ఉండలు లేకుండా వడగట్టి, చల్లారాక చెంచాకు అంటుకునేంత చిక్కగా. మజ్జిగను కూడా కొంచెం రాగిపిండి ఉడికించి కలిపి చిక్కబరచొచ్చు. నీళ్లు చిక్కబరచే పొడులు మందుల షాపుల్లో దొరుకుతాయి. ఏ మాత్రం చిక్కదనం కావాలో మింగడాన్ని కూడా పరీక్షించే స్పీచ్ థెరపిస్టుకు ఒకసారి చూపించి అడగండి.

తినిపించే పద్ధతి. మగతగా ఉన్నప్పుడు నోట్లో ఏమీ పెట్టకండి, ఎంత ఆకలిగా ఉంటారనిపించినా సరే. నిటారుగా కూర్చోబెట్టండి, వీపు వెనక, పడిపోయిన చెయ్యి కింద దిండ్లు పెట్టండి. మీరు నిలబడి తినిపిస్తే ఆయన తల పైకెత్తుతాడు, గాలి దారి తెరుచుకుంటుంది. కాబట్టి మీరు కూడా ఎదురుగా, ఆయన కళ్ల ఎత్తులో కూర్చోండి. గడ్డం కొంచెం ఛాతీ వైపు వంచాలి. అర చెంచా చొప్పున, బలంగా ఉన్న పక్క బుగ్గ వైపు పెట్టండి. గొంతు పైకీ కిందికీ కదిలింది చూశాకే రెండో చెంచా. టీవీ కట్టేయండి. అరగంట దాటితే ఆపేయండి, అలసిపోయిన గొంతు మోసం చేస్తుంది. రోజుకు మూడు పెద్ద భోజనాల కన్నా ఆరు చిన్నవి మేలు. అయిపోయాక పడిపోయిన పక్క బుగ్గలోపల వేలికి గుడ్డ చుట్టి చూడండి, అక్కడ ముద్ద దాగి ఉంటుంది. పడుకోబెట్టగానే అది గొంతులోకి జారుతుంది. మరో అరగంట నుంచి గంట దాకా కూర్చునే ఉండాలి.

నోరు కడగడాన్ని చాలామంది పట్టించుకోరు. ఉమ్మి ఎలాగూ కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆపలేం. ఆ ఉమ్మిలో క్రిములు ఎన్ని ఉన్నాయన్నదే నిమోనియా వస్తుందా రాదా అన్నది తేలుస్తుంది. రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో పళ్లు, నాలుక తోమండి. కట్టుడు పళ్లు రాత్రి తీసేయండి. ముక్కు గొట్టం ఉన్నవాళ్లకు కూడా తోమాలి, వాళ్లకే ఇంకా ఎక్కువ అవసరం.

గొట్టం దగ్గరికి వద్దాం. స్ట్రోక్ వచ్చిన మొదటి వారాల్లో మింగలేకపోతే రైల్స్ ట్యూబ్, అంటే ముక్కు గొట్టం, వేయించండి, సందేహం వద్దు. మింగడం చాలామందికి కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది, అప్పటిదాకా ఒంట్లో శక్తి నిలవాలి. నాలుగు వారాలు దాటినా రాకపోతే పొట్టలోకి నేరుగా వేసే గొట్టం గురించి మాట్లాడుకోవచ్చు. డిమెన్షియా చివరి దశలో మింగడం ఆగిపోయిన మనిషికి వేసే గొట్టం సంగతి పూర్తిగా వేరు. అక్కడ గొట్టం ఆయుష్షు పెంచుతుందనడానికి ఆధారం లేదు. నిమోనియా తగ్గదు, ఎందుకంటే ఉమ్మి అలాగే పోతుంటుంది, కడుపులోది పైకి ఎగదన్నుతుంది. ఆయన దాన్ని పీకేస్తాడు, మీరు చేతులు కట్టేస్తారు. ఆ కట్టేసిన చేతులు చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అలాంటివాళ్లకు చేత్తో, ఆయనకు ఇష్టమైనది, ఎంత తింటే అంత తినిపించడమే మేలని వైద్య సంఘాల సలహా. "తిండి పెట్టకుండా చంపుకున్నామా" అన్న బాధ మీకు ఉంటుంది. తినకపోవడం వల్ల చనిపోతున్నాడని మీకు అనిపిస్తుంది, నిజానికి చనిపోయే దశకు వచ్చాడు కాబట్టి తినడం లేదు.

గొట్టం ఉన్నవాళ్లు కొన్ని గుర్తుంచుకోండి. ముక్కు దగ్గర గొట్టం మీద పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు జరిగి ఉంటే ఏమీ పోయకుండా నర్సుకు చూపించండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ఒక్కోసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు, 15 నిమిషాలకు తగ్గకుండా మెల్లగా పోయాలి. ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల నీళ్లు. వడగట్టని జావ పోస్తే గొట్టం మూసుకుపోతుంది. మాత్రలు నూరేముందు మందుల షాపులో అడగండి. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్ అని ఉన్నవాటిని నూరకూడదు, రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది.

చర్మం గురించి క్లుప్తంగా. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, ఎయిర్ బెడ్ ఉన్నా మార్చాలి. పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఏటవాలుగా. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు. ఎర్రబడిన చోట వేలితో నొక్కండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండుకు మొదలు. అక్కడ నూనె పెట్టి రుద్దకండి, లోపలి కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో రంధ్రం ఉన్న గాలి రింగులు కూడా వద్దు, చుట్టూ రక్తం ఆగిపోతుంది. మూత్రానికి గొట్టం తప్పనిసరైతేనే. మగవాళ్లకు బయట తొడిగే కండోమ్ క్యాథెటర్, లేదంటే డైపర్ మేలు. బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందనే వేలాడాలి.

ఇక ఆసుపత్రా, ఇల్లా అన్న నిర్ణయం. ఆయాసం పెరిగిన రాత్రి ఒంటిగంటకు 108లో కూర్చుని తీసుకునే నిర్ణయం కాదది. ముందే ఇంట్లో అందరూ కూర్చోండి. జ్వరం వస్తే యాంటీబయాటిక్ ఇంట్లోనే ఇప్పిద్దామా, చేర్పిద్దామా? వెంటిలేటర్ పెడతామంటే ఒప్పుకుందామా? డాక్టరుతో మాట్లాడి ఒక కాగితం మీద రాసుకోండి. సుప్రీంకోర్టు 2018 మార్చిలో, మనిషి తెలివిలో ఉండగానే ఇలాంటి వైద్యం వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. డిమెన్షియా మొదటి దశలో ఉన్న పెద్దలు మీ ఇంట్లో ఉంటే, వాళ్లనే అడిగి రాయించుకునే సమయం ఇదే. అప్పటికే మతి పోయి, ఏ కాగితమూ లేకపోతే కుటుంబం ఒప్పుకోలుతో, ఆసుపత్రిలో వైద్యుల బోర్డులు చూసి నిర్ణయించే దారి కూడా ఆ తీర్పులో ఉంది.

చివరి రోజులు ఎలా ఉంటాయో తెలిస్తే కంగారు తగ్గుతుంది. నిద్ర ఎక్కువవుతుంది. మూత్రం తగ్గి చిక్కబడుతుంది. చేతులు, పాదాలు చల్లబడి, మోకాళ్ల మీద మచ్చమచ్చలుగా రంగు మారుతుంది. ఊపిరి గబగబా తీసుకుని, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర వస్తుంది. అది మింగలేని ఉమ్మి చప్పుడు, ఆయనకు తెలిసే బాధ కాదు. యంత్రంతో పదేపదే లాగితేనే బాధ. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. తులసి తీర్థం పోయాలంటారు. పోయండి, వద్దనను. కానీ ఉద్ధరిణితో గొంతులోకి కాదు. శుభ్రమైన దూది తడిపి పెదవులకు, నాలుకకు అద్దండి.

కొన్ని ప్రశ్నలు కాగితాల మీద వచ్చాయి.

"పింఛను వస్తుందా?" పక్షవాతంతో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయలు ఉంది. దానికి మెడికల్ బోర్డు ధ్రువపత్రం కావాలి. మీ ఊరి సచివాలయంలో అడగండి.

"మార్ఫిన్ ఇస్తే త్వరగా పోతారంటారు, నిజమా?" మార్ఫిన్ బలమైన నొప్పి మందు. ఆయాసానికి, నొప్పికి తగిన మోతాదులో, తక్కువతో మొదలుపెట్టి ఇస్తే అది ప్రాణం తీయదు, ఊపిరాడని భయాన్ని తగ్గిస్తుంది. దాంతోపాటు విరేచనం మందు తప్పకుండా ఇవ్వాలి, మార్ఫిన్‌తో మలబద్ధకం ఖాయం. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు దాన్ని నిల్వ చేసి ఇవ్వడం తేలికైంది. మీ డాక్టరును పేరు పెట్టి అడగండి.

"బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు చివరిదాకా వేయాలా?" మళ్లీ స్ట్రోక్ రాకుండా అవి కాపాడతాయి. మొదటి ఏడాదిలో 100కి పదిమందికి దాకా రెండోసారి వస్తుంది, అందుకే ఏళ్ల లెక్కలో ఉన్న మనిషికి ఒక్క రోజు కూడా ఆపొద్దు. నెలల లెక్కలోకి వచ్చిన మనిషికి కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయొచ్చు. బీపీ మాత్ర మోతాదు తగ్గించాల్సి రావచ్చు, ఎందుకంటే తిండి తగ్గినప్పుడు బీపీ కూడా పడిపోతుంది. మందుల సంచీ మొత్తం తెచ్చి చూపించండి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఒక్కొక్కటిగా చూసి చెబుతాను. ఫిట్స్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఎప్పుడూ ఆపకండి.